శారదగారు చెప్పనన్న అబద్ధం

సభను నడిపిస్తున్న కృష్ణమోహన్‌గారికి, ఆయన పక్కన శాలువా జారిపోకుండా పట్టుకొని ఇబ్బందిగా కదులుతున్న మా శారదగారికి, ముందు వరసలో కూర్చున్న డాక్టర్లకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు, భోజనాల బల్ల దగ్గర నిలబడి ఈవిడ మైకు ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్న అమ్మాయిలకు, అందరికీ నమస్కారం.

నా పేరు ఛాయాదేవి. తణుకు దగ్గర పల్లెటూరు మాది. ఐదో తరగతి దాటలేదు, మైకు పట్టుకోవడం బుద్ధెరిగాక ఇదే మొదలు. మీలో చాలామందికి నేను మీనా వాళ్ళ అమ్మగా తెలుసు. కిందటేడు చలికాలంలో పోయిన మీనా. ఆ మాట నేనే ముందు అనేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూడగానే మీ అందరి మొహాలూ ఒక్కలా అయిపోతాయి, గొంతులు తగ్గిపోతాయి, ఇండియన్ స్టోర్‌లో నేను వంకాయలు ఏరుతుంటే మీరు పప్పుల వరసలోకి తప్పుకుంటారు. తప్పుకోకండి. నేను వంకాయలే ఏరుతున్నాను.

(కొందరు నవ్వారు)

శారదగారు వైరస్‌ల ల్యాబ్‌లో పని నుంచి రిటైరవుతున్నారు, మన బాతెల్ ఊరు వదిలి అరిజోనా వెళ్ళిపోతున్నారు, మీరు కూడా రెండు మాటలు చెప్పాలి పిన్నిగారూ అని ఈ సభ పనులు చూస్తున్న చరిత ఫోన్ మీద ఫోన్ చేసింది. రెండే నిమిషాలు అంది. చరితా, రెండు నిమిషాల్లో అవదమ్మా, ఆ చేతి గడియారం నాకు చూపించకు. ఇందాకటి నుంచి పెద్దవాళ్ళు మాట్లాడింది నేను ఓపిగ్గా విన్నాను. ఒకాయన శారదగారిని వైరస్‌ల మీద కత్తి దూసిన వీరనారి అన్నారు. ఇంకొకాయన కంటికి కనిపించని శత్రువుతో జీవితమంతా యుద్ధం చేశారు అన్నారు. ఆ సమయంలో ఆవిడ మొహం ఎవరన్నా చూశారా? పంటి నొప్పి వచ్చిన మనిషిలా కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. వైరస్ శత్రువు కాదు వదినగారూ, దానికంత సీను లేదు అని నాకు ఎన్నిసార్లు చెప్పారో. శత్రువంటే పగ ఉండాలి కదా. దీనికి అసలు ప్రాణం ఉన్నట్టా లేనట్టా అని సైన్సువాళ్ళే ఇంకా తగాదా పడుతున్నారట. అలాంటిది నా కూతుర్ని తీసుకుపోయింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తిట్టుకుందామంటే అవతల ఎవరూ లేరు.

శారదగారిల్లు మా వీధిలోనే. మీనా ఉన్న రోజుల్లో ఆవిడ పొద్దున్నే కారులో ల్యాబ్‌కి వెళ్తూ చెయ్యి ఊపేవారు, నేను చెయ్యి ఊపేదాన్ని, అంతవరకే మా స్నేహం. ఆ చలికాలంలో ముందు మా మనవరాలు ఆద్యకు స్కూల్లో జలుబు పట్టింది. తర్వాత ఇంట్లో అందరం దగ్గాం, తుమ్మాం, మిరియాల చారు తాగాం. మా అల్లుడు శ్రీవత్సకు తగ్గింది, నాకు తగ్గింది. మీనా మాత్రం ఒక ఆదివారం ఉతికిన బట్టలు మడతపెడుతూ, మెట్లెక్కితే ఆయాసంగా ఉందమ్మా అంది. వైరస్ గుండె కండలోకి వెళ్ళింది, కండ వాచిపోయింది, రక్తాన్ని కొట్టలేకపోతోంది అని హాస్పిటల్లో చెప్పారు. ఆ వారం దాటలేదు.

(ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు)

నీళ్ళు వద్దమ్మా. బాగానే ఉన్నాను.

తర్వాత మీరందరూ వచ్చారు. అన్నం తెచ్చారు, పప్పు తెచ్చారు, ఫ్రిజ్ పట్టనంత తెచ్చారు, ఆ మేలు నేను మర్చిపోను. కానీ వచ్చిన ప్రతివాళ్ళూ సోఫాలో కూర్చొని, అసలేం జరిగిందో మొదట్నుంచి చెప్పండి అనేవారు. చెప్పేదాన్ని. చెప్పాక ఎవరి తీర్పు వాళ్ళు ఇచ్చేవారు. పండక్కి మంచు చూడటానికి వెళ్ళారటగా, ఆ చలికే అని ఒకరు. దిష్టి అని ఒకరు. కూతురే లేనప్పుడు ఇంకా అల్లుడి దగ్గర ఎన్నాళ్ళుంటారు అని ఒకరు, అదీ మా అల్లుడు ట్రేలో టీ పట్టుకొని వస్తుంటే. ఇంకొకావిడ, పేరు చెప్పను, ఈ హాల్లోనే ఉంది, నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"యాంటీబయాటిక్ వేశారా ఆంటీ?"

"డాక్టరు అక్కర్లేదన్నారమ్మా. వైరస్సట."

"ఇక్కడి డాక్టర్లు అలాగే అంటారండీ. మా ఇంట్లో ఎవరు తుమ్మినా నేను మొదటి రోజే వేసేస్తా. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవి ఒక జిప్‌లాక్ కవర్ నిండా ఉంటాయి. మీ దగ్గర లేవా? అడిగితే నేనిచ్చేదాన్నే!"

లేకేం, మన ఇళ్ళల్లో ఆ కవరు లేని ఇల్లేది? సూట్‌కేసులో పచ్చడి సీసాల పక్కన అదీ వస్తుంది. ఆవిడ వెళ్ళాక మా అల్లుడు అల్మరాలోంచి మా కవరు తీసి వంటింటి గట్టు మీద పెట్టుకొని చూస్తూ నిలబడ్డాడు. "అత్తయ్యా, ఇవి వేసుంటే..." అన్నాడు. అంతే అన్నాడు. అతని మొహం చూసి నేను ఆ కవరు పట్టుకొని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకొని తిన్నగా శారదగారింటికి పోయాను. ఆవిడ గరాజ్‌లో కారులోంచి సామాన్లు దింపుకుంటున్నారు. ఇవి వేస్తే నా కూతురు బతికేదా, ఒక్కటే మాట చెప్పండి అన్నాను.

"బతికేది కాదు వదినగారూ. ఇవి వైరస్‌ని ఏమీ చెయ్యవు."

ఎందుకు చెయ్యవో నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, పాలడబ్బా చేతిలో పట్టుకొనే చెప్పారు. బ్యాక్టీరియా అనేది చిన్నదే అయినా సొంత సంసారం ఉన్నది. దాని ఇల్లు దానిది, దాని పొయ్యి దానిది. యాంటీబయాటిక్ వెళ్ళి దాని గోడో పొయ్యో పగలగొడుతుంది, అది చస్తుంది. వైరస్‌కి ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. మన ఒంటి కణంలోకి దూరి మన పొయ్యి మీదే వండుకుంటుంది. ఇక మందు వెళ్ళి ఏం పగలగొడుతుంది?

(వేదిక మీద నుంచి శారదగారు: "పొయ్యి అని నేను అనలేదు వదినగారూ! రైబోజోమ్ అన్నాను.")

ఆ పేరు నాకు నోరు తిరగదండీ. పొయ్యే.

(నవ్వులు)

యజ్ఞనారాయణగారు ముందు వరసలో చెయ్యెత్తుతున్నారు. వైరస్‌లకూ మందులున్నాయి, కొన్నిటికే ఉన్నాయి, అవి వేరు, అంతేనా డాక్టరుగారూ? ఆ, తల ఊపారు. చూశారా, ఆ కవర్లో మందులు వైరస్‌ని ఏమీ చెయ్యవన్న మాట ఆ రోజుల్లో మా సోఫాలో కూర్చున్నవాళ్ళెవరన్నా అని ఉంటే మా అల్లుడు కొన్ని రాత్రులైనా నిద్రపోయి ఉండేవాడు.

ఇంతవరకూ చెప్పిందంతా చిరాకు. ఇక చెప్పబోయేది చిరాకు కంటే పెద్దది, కాబట్టి ఫోన్లు కాస్త పక్కన పెట్టండి.

మీరు అలా కూర్చొని మాట్లాడుతున్నప్పుడు మా ఆద్య మెట్ల మీద ఐప్యాడ్ పట్టుకొని కూర్చునేది. రెండో తరగతి పిల్ల. పాపం, పిల్ల స్కూల్ నుంచి తెచ్చిన జలుబే తల్లిని తీసుకుపోయింది అని ఒకావిడ అంది. నేను కళ్ళతో పిల్ల వైపు చూపించాను. దానికి తెలుగు రాదు లెండి, అన్నీ ఇంగ్లీషే కదా అంది. ఒక్కరే అని ఉంటే పేరు చెప్పేదాన్ని. చాలామంది అన్నారు. మన పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు కాబట్టి తెలుగు అర్థం కాదనుకుంటాం. వాళ్ళ ముందే వాళ్ళ బరువు గురించి, రంగు గురించి, మార్కుల గురించి, మొగుడూ పెళ్ళాల గొడవల గురించి గోడల ముందు మాట్లాడినట్టు మాట్లాడతాం. ఆ పిల్లను నేను లాలపోసి, అన్నం తినిపించి, కథలు చెప్పి పెంచాను. ఏ భాషలో చెప్పాననుకున్నారు, ఫ్రెంచిలోనా?

(నవ్వులు)

ఆ తర్వాత పిల్ల మారిపోయింది. తన కంచం తనే వేరుగా కడుక్కునేది. చొక్కా చెయ్యి కిందికి లాక్కొని ఫ్రిజ్ తలుపు తీసేది. నా పక్కలో పడుకోవడం మానేసింది. ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసుకునేది. తల్లి మీద బెంగ అనుకున్నాను. ఒక శనివారం పొద్దున్న తుమ్మింది. తుమ్మిన వెంటనే పరిగెత్తుకెళ్ళి బాత్రూంలో గడియ పెట్టుకుంది. నేను తలుపు కొట్టాను. శ్రీవత్స కొట్టాడు. లోపల్నుంచి తెలుగులో, ఇక్కడి యాసలో, ఏడుస్తూ అంది.

"రాకు అమ్మమ్మా. నేను తెచ్చిన జలుబు అమ్మని తీసుకుపోయింది. నిన్ను తీసుకుపోతుంది."

మీ మాటే. మీరు అన్నది అన్నట్టే.

శ్రీవత్స ఆ తలుపు పక్కన గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయాడు. నేను శారదగారికి ఫోన్ చేశాను. తల కూడా దువ్వుకోకుండా వచ్చారు. వచ్చి, తలుపు ముందు కార్పెట్ మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. నేను ఆవిడ చెవిలో అన్నాను.

"నీ వల్ల కాదని చెప్పండి. దండం పెడతాను. ఒక్క మాట చాలు."

"అది నాకు తెలియదు వదినగారూ. తెలియనిది చెప్పను."

"పిల్ల కంటే మీ సైన్సు ఎక్కువా?"

"రేపు పెద్దదై చదువుకుంటుంది. ఆ రోజు నేను అబద్ధమాడానని తెలిస్తే, ఇంక నేను చెప్పిన ఏ మాటా నమ్మదు."

"అయితే మీరు మీ ఇంటికి వెళ్ళండి" అన్నాను. ఇప్పుడైనా ఆ పరిస్థితే వస్తే అదే అంటాను. ఏ తల్లైనా అంటుంది. ఈవిడ వెళ్ళలేదు. నా వైపు తిరిగి కూడా చూడలేదు. ఇంత మొండి మనిషిని నేను చూడలేదు, మీరేమో పొద్దున్నుంచీ మృదుస్వభావి, మృదుస్వభావి అంటున్నారు.

లోపల్నుంచి పిల్ల అడిగింది. "శారద ఆంటీ, డిడ్ ఐ గివ్ ఇట్ టు అమ్మ?"

"ఐ డోంట్ నో, ఆద్యా. కావచ్చు, కాకపోవచ్చు. ఆ వారం అది మీ క్లాస్‌లో ఉంది, మీ డాడీ ఆఫీస్‌లో ఉంది, షాపింగ్ కార్ట్ హ్యాండిల్ మీద ఉంది. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్ళిందో దాని మీద రాసి ఉండదు."

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. లోపల్నుంచి చిన్న గొంతు వచ్చింది. "డస్ ఇట్ నో హూ అమ్మ ఈజ్?"

"నో. దానికి ఏమీ తెలియదు. కళ్ళు లేవు, కాళ్ళు లేవు. నడవలేదు, ఈదలేదు. ఒక బుల్లి డబ్బా, డబ్బాలో ఒక చీటీ, అంతే వైరస్ అంటే. ఆ చీటీలో, నాలాంటివి ఇంకా తయారుచెయ్యి అని తప్ప ఇంకో మాట ఉండదు."

"దెన్ హౌ డిడ్ ఇట్ గెట్ ఇన్?"

ఆ ప్రశ్న వినగానే ఈవిడ ముందుకు వంగారు. తలుపుకు నుదురు ఆనించి, ఎంతో ముఖ్యమైన మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు. గుండెలో కణాలు బోలెడుంటాయట. ఒకదాన్నొకటి పట్టుకొని ఉండటానికి వాటికి చేతుల్లాంటివి ఉంటాయట. అలా పట్టుకుంటేనే అన్నీ కలిసి ఒక్కసారిగా కొట్టుకుంటాయట. కొన్ని వైరస్‌ల డబ్బా ఆకారం ఎలా ఉంటుందంటే, ఆ చేతిలో సరిగ్గా అమరిపోతుంది. అది పక్కవాళ్ళ చెయ్యి కాదని కణానికి తెలియదు. పట్టుకుంటుంది, తనే లోపలికి తీసుకుంటుంది. లోపల డబ్బా విడిపోయి చీటీ బయటపడుతుంది. కణానికి చీటీ ఇస్తే చదివి చెయ్యడమే తెలుసు, ఎవరు పంపారని అడగడం తెలియదు. చేసి, చేసి, చేసి, తను పగిలిపోతుంది. అవన్నీ పక్క కణాల చేతుల్లోకి వెళ్తాయి. వాటిని ఆపబోయి మన ఒంట్లో కాపలావాళ్ళు కూడా కొంత చెడగొడతారు. చర్మం తెగితే మళ్ళీ వస్తుంది. గుండె కండ అలా రాదు.

ఇవన్నీ నేను తలుపు ఇవతల నిలబడి వింటున్నాను. హాస్పిటల్లో ఎవరూ నాకు ఇంత చెప్పలేదు. వాళ్ళ తప్పు కాదు, నాకు ఆ డాక్టర్ల ఇంగ్లీషు రాదు, మా అల్లుడికి ఆ రోజు ఏ భాషా రాలేదు.

"కాంట్ ద హార్ట్ జస్ట్ నాట్ హావ్ హ్యాండ్స్?" అంది పిల్ల, గుండెకు అసలు చేతులే లేకుండా ఉండకూడదా అని.

"లేకపోతే దేనికది విడిపోతాయి కదా నాన్నా. కలిసి కొట్టుకోవు. అప్పుడది గుండే కాదు."

"అందరికీ జలుబు వచ్చింది. అమ్మకే ఎందుకు హార్ట్‌లోకి వెళ్ళింది?"

"తెలియదు."

"బట్ యూ ఆర్ అ వైరస్ డాక్టర్!"

"అవును. ఇన్నేళ్ళుగా అదే పని. అయినా తెలియదు. తెలిస్తే నీకే మొదట చెప్తాను."

అప్పుడు ఈవిడ జేబులోంచి ఒక మాస్క్ తీసి తను పెట్టుకున్నారు. ఇంకొకటి తలుపు కింద సందులోంచి లోపలికి తోశారు. "జలుబు ఉన్నప్పుడు ఇది పెట్టుకో, చేతులు కడుక్కో, దగ్గితే మోచెయ్యి అడ్డం పెట్టుకో. మనిషి చెయ్యగలిగింది అంతే. బాత్రూంలో ఉండక్కర్లేదు."

గడియ తీసిన చప్పుడైంది. పిల్ల వచ్చి నన్ను వాటేసుకుందని మీరు అనుకుంటున్నారేమో. అలాంటిదేం లేదు. మాస్క్ పెట్టుకొని దూరంగా నిలబడి, ఆకలేస్తోంది అంది. అట్లు పోశాను. నా పక్కలోకి మళ్ళీ రావడానికి ఎండాకాలం దాకా పట్టింది. ఇప్పటికీ ముక్కు కారితే వేరే గదిలో పడుకుంటుంది, కానీ ఏడవదు. అమ్మ నక్షత్రమైందని ఒకరు, దేవుడికి నచ్చి తీసుకెళ్ళాడని ఒకరు, ఊరికెళ్ళిందని ఒకరు చెప్పారు ఆ పిల్లకు. తెలియదని చెప్పిన మనిషిని మాత్రమే అది నమ్మింది. నాకు ఆ ఒక్క మాట మీద ఇప్పటికీ కోపమే శారదగారూ. కాదని చెప్పేస్తే మీ సొమ్మేం పోయేదని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ మీరు ఆ రోజు కాదని చెప్పి ఉంటే, గడియ తీసేదో లేదో.

మా ఆద్య ఇక్కడే ఉంది, నాలుగో వరసలో, వాళ్ళ నాన్న పక్కన. అందరూ తిరిగి చూడకండి. నేను దానితో మాట్లాడాలి.

ఆద్యా, ఇది శారద ఆంటీకి తెలియదు, నాకు తెలుసు, కాబట్టి నేను చెబుతాను. ఆ జలుబు నీ దగ్గర్నుంచే వచ్చి ఉండవచ్చు. నా దగ్గర్నుంచి వచ్చి ఉండవచ్చు, నాన్న దగ్గర్నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ వారం అమ్మ నీ ముక్కు తుడిచింది, నీ ఎంగిలి అన్నం తింది, నీకు జ్వరం అని రాత్రంతా నిన్ను గుండెల మీద వేసుకుంది. నేను పక్క మీదకు దించమంటే దించలేదు. ఇలా అవుతుందని ఎవరన్నా వచ్చి ముందే చెప్పి ఉంటే, మాస్క్ పెట్టుకునేది, చేతులు కడుక్కునేది, మళ్ళీ నిన్ను ఎత్తుకునేది. నా కూతురు నాకు తెలుసు. దానికి ఇంకో రకంగా ఉండటం చేతకాదు. నీకు చేసింది జలుబు, అంతే. ప్రతి పిల్లకూ చేస్తుంది.

(చరిత వేదిక దగ్గరకు వచ్చింది)

సరే. అయిపోవచ్చింది చరితా.

శారదగారూ, మీరు సరిగ్గా మాకు అవసరమైనప్పుడే ఎండ కోసం అరిజోనా వెళ్ళిపోతున్నారు. మోకాళ్ళ నొప్పులట. మంచిదే, వెళ్ళండి. అక్కడ కూడా ఎవరన్నా జిప్‌లాక్ కవరు పట్టుకొని గరాజ్‌లోకి వస్తారు, విసుక్కోకుండా చెప్పండి. పిల్ల ఫోన్ చేస్తే మాత్రం ఏ పనిలో ఉన్నా ఎత్తండి, దాని దగ్గర ఇంకా బోలెడు ప్రశ్నలున్నాయి, నా దగ్గర జవాబుల్లేవు. మీరు చేసిన మేలుకు ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలియనిది చెప్పకూడదని మీరేగా నేర్పారు.

(నవ్వులు, చప్పట్లు)

ఈ సభ పెట్టిన కృష్ణమోహన్‌గారికి, నన్ను మైకు దగ్గర్నుంచి లాగేయని చరితకు, ఇంతసేపు ఆకలి ఆపుకున్న మీకందరికీ చాలా కృతజ్ఞతలు.

ఒక్క కోరిక ఉంది. ఏడాదిపైన అయింది, మా ఇంటికొచ్చి మీనా ఎలా పోయిందని అడగని వాళ్ళు లేరు. ఎలా ఉండేదని ఆ పిల్లకు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. మీలో దానితో ఆఫీస్‌కి కలిసి వెళ్ళినవాళ్ళున్నారు, దానికి డ్రైవింగ్ నేర్పి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాళ్ళున్నారు, బతుకమ్మ రోజున దాని పాట విని చెవులు మూసుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు భోజనాల దగ్గర మా ఆద్య పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి కూర్చోండి. మీకు గుర్తున్నది ఏదో ఒకటి చెప్పండి. తెలుగులోనే చెప్పండి.

సెలవు.